అమ్మ ముగ్గు ఎందుకు చిన్నదైంది?

మాది వీరులపాడు. ఒకప్పటి కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. ఉద్యోగం హైదరాబాద్‌లో. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే వాకిట్లో ముగ్గు చూసి ఆగిపోయా. ఏటా వాకిలంతా నింపేసే అమ్మ ఈసారి గడప ముందు నాలుగు గీతలు గీసి ఊరుకుంది. ‘ఏంటమ్మా ఇది?’ అంటే ‘ఓపిక లేదే’ అంది.

ఓపిక కాదు, మోకాళ్లు. ఆ రోజంతా అమ్మని గమనించా. పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకుంటోంది. డాబా మెట్లు ఒక్కొక్కటే ఆగి ఆగి దిగుతోంది. పొద్దున్నే మంచం దిగాక పది అడుగులు కుంటి, తర్వాత సర్దుకుంటోంది. ‘వయసు మీద పడింది కదే’ అంటుంది. ఆమెకి 54 ఏళ్లే!

అసలు షాక్ వంటింట్లో తగిలింది. పోపుల డబ్బా వెనక పేరు లేని తెల్ల మాత్రల పొట్లం. ఎవరో ఇచ్చారట. వేసుకుంటే గంటలో నొప్పి మాయమట. ఆరు నెలలుగా రోజుకి రెండు మింగుతోంది. పండగ వెళ్లగానే నందిగామలో ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. బీపీ పెరిగింది. రక్త పరీక్షలో క్రియాటినిన్ ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ. అంటే కిడ్నీల మీద భారం పడుతోందన్నమాట. మాత్రలు వెంటనే ఆపించారు.

గుజ్జు అయిపోయిందా?

మన ఊళ్లలో ‘మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది’ అంటాం. డాక్టర్లు ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. ఎముకల చివర్లకి తొడుగులా ఉండే మృదులాస్థి పలచబడుతుంది. దాంతోపాటు చుట్టూ ఉన్న పొర, ఎముక, కండరం అన్నీ దెబ్బతింటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికి ఇది 52.8 కోట్ల మందికి ఉంది. వాళ్లలో దాదాపు 60 శాతం ఆడవాళ్లే. ఎక్కువగా పట్టుకునేది మోకాలినే.

పత్తి తీతకి రోజంతా వంగడం, కళ్లంలో గొంతుక్కూర్చుని తాలు మిరపకాయలు ఏరడం, బిందెలు మోయడం... అమ్మ మోకాళ్లు ఎంత పని చేశాయో అప్పుడు గుర్తొచ్చింది. వయసు, బరువు, పాత దెబ్బలు, కుటుంబంలో ఉండటం కూడా కారణాలే.

ఇలా గుర్తుపట్టండి

* నడిస్తే, మెట్లెక్కితే నొప్పి. కూర్చుంటే తగ్గుతుంది.
* పొద్దున్నే బిగుసుకుపోయినా అరగంటలోపు సర్దుకుంటుంది.
* కాలు ముడిస్తే కటకట శబ్దం. అప్పుడప్పుడూ వాపు.

45 దాటినవాళ్లకి ఈ లక్షణాలుంటే డాక్టర్ అడిగి, చేత్తో చూసే చాలావరకు చెప్పేస్తారు. ఎక్స్‌రేలో అరుగుదల ఎక్కువ కనిపించినా కొందరికి నొప్పి తక్కువే ఉంటుంది. కాబట్టి ఫిల్మ్ చూసి బెంబేలెత్తొద్దు.

గంటసేపైనా బిగుతు వదలకపోతే, రెండు చేతుల వేళ్ల కీళ్లు వాస్తే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. దాని మందులు వేరు. మోకాలు ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా వాచి జ్వరమొస్తే, లేదా కదలకుండా బిగుసుకుపోతే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నేను చేసిన తప్పు

రెండేళ్లుగా ఫోన్లో అమ్మకి నేనిచ్చిన సలహా ఒక్కటే: ‘కదలకు, రెస్ట్ తీసుకో.’ ఫిజియోథెరపిస్ట్ అమ్మ తొడ పట్టుకు చూసి ‘కండరం కరిగిపోయిందమ్మా’ అన్నారు. మోకాలి బరువులో కొంత మోసేది తొడ కండరమే. అది నీరసపడితే భారమంతా కీలు మీదే పడుతుంది. ప్రేమతో చెప్పినా, నా సలహా ఆమెకి చేటే చేసింది.

ఇప్పుడు అమ్మ చేసేవి మూడు. మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి కిందికి నొక్కి అయిదు సెకన్లు ఆపడం, పడుకుని కాలు నిటారుగా పైకెత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. ఒక్కోటి పదిసార్లు. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉండటం మామూలే. మర్నాటికీ తగ్గకపోతే లెక్క తగ్గించాలి, మానెయ్యకూడదు.

బరువు ఎక్కువున్నవాళ్లు ఒక్క కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నొప్పి ఎక్కువున్న రోజు ముందుగా వాడాల్సింది డాక్టర్ రాసిన పైపూత జెల్. నొప్పి మాత్రలు వాడాల్సొస్తే తక్కువ మోతాదులో, తక్కువ రోజులే. పేరు లేని పొట్లాలు అసలొద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. చేతికర్ర వాడితే నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి.

ఇంట్లో కూడా రెండు మార్పులు చేశాం. వెస్టర్న్ కమోడ్ పెట్టించాం, కూరలు తరగడానికి ఎత్తు స్టూలు కొన్నాం. ఇవన్నీ చేసినా నడక కష్టమై, రాత్రి నిద్ర కూడా పట్టనప్పుడు ఆపరేషన్ మాట వస్తుంది. వాజ్‌పేయి ప్రధానిగా ఉండగానే 2000, 2001లో రెండు మోకాళ్లూ మార్పించుకున్నారు. అంటే అదీ భయపడాల్సింది కాదు. కానీ మొదటి మెట్టూ కాదు.

మాత్రలు ఆపాక అమ్మ బీపీ, క్రియాటినిన్ దారికొచ్చాయి. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ మొదట్లో కుర్చీలోంచి రెండుసార్లు కూడా లేవలేని మనిషి ఇప్పుడు పదిసార్లు లేస్తోంది. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో లెక్కపెట్టేది నేనే!

ఈసారి మీ ఊరెళ్లినప్పుడు అమ్మని ‘మోకాళ్లెలా ఉన్నాయి?’ అని అడక్కండి. ‘ఏం లేదు’ అనే అంటుంది. పీట మీంచి ఎలా లేస్తోందో చూడండి. వీలైతే పోపుల డబ్బా వెనక కూడా ఓసారి చూడండి.