కార్డు ఊళ్లో, కడుపు పట్నంలో
ఎల్.బి.నగర్ అడ్డాల్లో పల్లె కూలీల అవస్థ

ఎల్.బి.నగర్: తెల్లవారక ముందే ఇక్కడి చౌరస్తాలో జనం పోగవుతారు. చేతిలో తాపీ, భుజాన పార, పక్కన సద్ది డబ్బా. మేస్త్రీ బండి వచ్చి ఆగితే చాలు, పదిమంది చుట్టుముడతారు. ఇద్దరికో ముగ్గురికో పని దొరుకుతుంది. పొద్దెక్కే వరకు ఎవరూ పిలవకపోతే ఆ రోజు కూలి లేనట్లే. రెక్కాడితే గాని డొక్కాడని బతుకులివి.

నాగార్జునసాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు కలిసే చోటు గనుక నల్లగొండ, పాలమూరు, రంగారెడ్డి పల్లెల నుండి వచ్చేవారికి ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లే పట్నం వాకిళ్లు. 2018లో మెట్రో రైలు కూడా ఇక్కడి దాకా వచ్చింది. మేడలు లేచాయి. వాటికి ఇటుక మోసిన వారు మాత్రం రేకుల గదుల్లోనే ఉన్నారు.

పని చోటు మారితే

కూలివాడి తిండి పని చోటును అంటిపెట్టుకొని ఉంటుంది. 1986 నుండి కొత్తపేటలో నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో బాటసింగారానికి తరలించారు. హమాలీలు, బండ్లవారు, టీ కొట్లవారు దాని వెంట పోవడమో, వేరే పని చూసుకోవడమో చేయవలసి వచ్చింది.

బియ్యం లేక కాదు

నేడు ఆకలికి కారణం దేశంలో ధాన్యం కొరత కాదు. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. 2025 ఏప్రిల్ నుండి తెలంగాణలో కార్డులో పేరున్న మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అయినా పట్నం చేరిన కుటుంబాలు కొన్ని బజారులో బియ్యం కొంటున్నాయి. కార్డు ఊళ్లో ఉంది, ఇక్కడ చెల్లదనుకోవడమే దీనికి కారణం.

అది పొరపాటు. రాష్ట్రంలో ఏ చౌకధరల దుకాణంలోనైనా కార్డు నంబరు చెప్పి, వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. వేరే రాష్ట్రం నుండి వచ్చిన వారికీ 'ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు' కింద ఆ వీలుంది. ఊరు విడిచే ముందు ఇంటిల్లిపాది ఆధార్ కార్డుకు అనుసంధానమై ఉన్నారో లేదో డీలరు వద్ద చూసుకోవాలి.

అయిదు రూపాయల భోజనం

నగరపాలక సంస్థ 2014 మార్చిలో నాంపల్లిలో అయిదు రూపాయల భోజనం మొదలుపెట్టింది. హరేకృష్ణ సంస్థ వండి పంపే ఆ అన్నం కోసం కూలీలు, విద్యార్థులు, ఆసుపత్రులకు వచ్చినవారు వరుస కట్టారు. 2025లో ఈ కేంద్రాలకు ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి, సెప్టెంబరు 29న అయిదు రూపాయల టిఫిన్ కూడా ప్రారంభించారు. అయితే అడ్డా కూలీకి తిండి కావలసింది పనికి వెళ్లే ముందు. కేంద్రం అడ్డాకు దగ్గరగా ఉండి, తెల్లవారగానే తెరిస్తేనే అది అతనికి అందుతుంది.

చేయవలసినవి

ఒక పూట అన్నం ఆకలి తీరుస్తుంది గాని పేదరికం తీర్చదు. భవన నిర్మాణ కార్మికులకు 1996 చట్టం కింద సంక్షేమ బోర్డు ఉంది. 18 నుండి 60 ఏళ్ల లోపు వారు, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉంటే పేరు నమోదు చేయించుకోవచ్చు. ఈ సంగతి తెలియక, ప్రమాదం జరిగాక కార్మిక శాఖ కార్యాలయం వెతుక్కునేవారున్నారు. అధికారులే అడ్డాకు వచ్చి పేర్లు రాసుకుంటే కూలీ ఒక దినం పని పోగొట్టుకోనక్కరలేదు.

గర్భిణులు, పసిపిల్లలతో వలస వచ్చినవారు దగ్గరలోని అంగన్‌వాడీని వెంటనే కలవాలి. బడి ఈడు పిల్లలను సర్కారు బడిలో చేర్చాలి. చదువుతోపాటు మధ్యాహ్న భోజనమూ దక్కుతుంది.

ఇక పల్లెల్లోని చదువుకున్న యువకులు ఒక పని చేయవచ్చు. పట్నం బస్సెక్కే ప్రతి కుటుంబానికీ కార్డు సంగతి, కార్మిక బోర్డు సంగతి చెప్పి పంపాలి. హక్కు ఉండీ పస్తుండే దుస్థితి మన ఊరివారికి రాకూడదు.