పశువుల కణ పరీక్ష

పశువు శరీరం నుండి తీసిన రక్తాన్ని, గ్రంథి ద్రవాన్ని లేదా కణితి నమూనాను గాజు పలకపై పలుచగా పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో కణాలను గుర్తించి రోగాన్ని నిర్ధారించే పద్ధతిని పశువైద్య కణశాస్త్రం అంటారు. నూజివీడు ప్రాంతంలో మామిడి తోటలతో పాటు పాడి పశువుల, కోళ్ళ పెంపకం కూడా ఉంది. ఈ ప్రాంతానికి సమీపాన గన్నవరంలో 1998లో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఏర్పడింది.

ప్రాముఖ్యత

పిడుదులు వ్యాపింపజేసే థైలేరియోసిస్, బెబీసియోసిస్, అనాప్లాస్మోసిస్ అనే మూడు వ్యాధులలోనూ తీవ్ర జ్వరం, రక్తహీనత, పాల దిగుబడి తగ్గుదల కనిపిస్తాయి. కాని మందులు వేరు. మొదటిదానికి బుపార్వక్వోన్, రెండవదానికి డిమినజీన్, మూడవదానికి ఆక్సీటెట్రాసైక్లిన్ వాడతారు. థైలేరియోసిస్ సంకరజాతి ఆవులలో తీవ్రంగా వస్తుంది. చికిత్స ఆలస్యమైతే పశువు మరణించవచ్చు. కనుక సరైన మందును త్వరగా ఎంచుకోవడానికి ఈ పరీక్ష కీలకం.

పద్ధతి

చెవి అంచున ఉన్న సిర నుండి రక్తపు చుక్క తీసి, పలకపై పూసి ఆరబెడతారు. మిథైల్ ఆల్కహాలుతో స్థిరపరచి జీమ్సా రంగు వేస్తారు. పిమ్మట నూనె చుక్క వేసి, సుమారు 1000 రెట్లు పెద్దదిగా చూపే కటకంతో పరిశీలిస్తారు.

కణాల గుర్తింపు

ఆవు ఎర్ర రక్తకణాలు గుండ్రంగా, కేంద్రకం లేకుండా ఉంటాయి. కోడి ఎర్ర రక్తకణాలు కోలగా, కేంద్రకంతో ఉంటాయి. ఆరోగ్యవంతమైన ఆవు తెల్ల రక్తకణాలలో లింఫోసైట్లే అధికం.

* థైలేరియా: ఎర్ర కణంలో చిన్న ఉంగరం లేదా కామా ఆకారం.
* బెబీసియా బైజెమినా: బేరిపండు ఆకారంలో, కొనలు కలిసిన జంట.
* అనాప్లాస్మా మార్జినేల్: ఎర్ర కణం అంచున ముదురు చుక్క.

పరిమితులు

థైలేరియోసిస్ తొలి దశలో పరాన్నజీవి ఎర్ర కణాలలో కనిపించకపోవచ్చు. అప్పుడు భుజం ముందు వాచిన శోషరస గ్రంథి నుండి సూదితో ద్రవం తీసి చూడాలి. అందులోని లింఫోసైట్లలో ఎర్రని చుక్కలతో కూడిన నీలి ముద్దలు కనిపిస్తాయి. వీటిని రాబర్ట్ కాక్ పేరిట 'కాక్ నీలి కణికలు' అంటారు. అందువలన ఒక్క రక్తపు పూతలో ఏమీ కనిపించనంత మాత్రాన వ్యాధి లేదని చెప్పరాదు. అలాగే కోలుకున్న పశువు రక్తంలో కూడా కొద్దిపాటి పరాన్నజీవులు మిగిలి ఉండవచ్చు. కనుక పూతలో కనిపించినదానిని జ్వరం, గ్రంథుల వాపు వంటి లక్షణాలతో కలిపి నిర్ణయించాలి. పలకపై మిగిలిన రంగు రేణువులు అనాప్లాస్మా వలె భ్రమింపజేస్తాయి. ఇవి కణాల బయట కూడా చెల్లాచెదురుగా ఉండటం వలన గుర్తించవచ్చు.

నివారణ

ఈ నీలి కణికలు గల లింఫోసైట్లను ప్రయోగశాలలో పెంచి, వ్యాధి కలిగించే శక్తిని తగ్గించి, థైలేరియోసిస్ నివారణ టీకాను తయారుచేస్తారు. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారుచేసిన రక్షావ్యాక్-టి ఇటువంటిదే. ఇది నివారణకే తప్ప చికిత్సకు కాదు. పిడుదుల నిర్మూలన కూడా అవసరం.