పిన్ను కనిపిస్తే ఫెయిలే!

అమ్మకి నా చేత్తో చేసిన కత్తి ఇద్దామనుకున్నా. రెండు నెలల శని, ఆదివారాలు దానికే పోయాయి. తుమ్మచెక్క పిడి, దాని ముందు ఇత్తడి బోల్‌స్టర్. బ్లేడు, పిడి కలిసే చోట అటూ ఇటూ బిగించే లోహపు ముక్కనే అలా అంటారు. మన ఊళ్లల్లో కత్తిపిడికి వేసే పొన్నుకి చుట్టమన్నమాట.

ఇచ్చిన మూడు వారాలకే ఫోన్. ‘‘ఒరేయ్, నీ కత్తిలోకి చింతపండు పులుసు దూరుతోందిరా. లోపల తుప్పు కూడా పట్టినట్టుంది!’’

వెళ్లి చూశా. బోల్‌స్టర్ పక్కన వెంట్రుకంత సందు. పిన్ను తల చిట్లిపోయి ఉంది. తప్పు సుత్తిది కాదు, నాదే. షాపులో ‘ఇత్తడి రాడ్’ అని అడిగా, ఇచ్చిందేదో తెచ్చుకున్నా. లేత్ మీద తేలిగ్గా తెగడానికి సీసం కలిపిన ఇత్తడి అది. దాన్ని చల్లగా ఉన్నప్పుడు సుత్తితో కొడితే పగుళ్లిస్తుంది.

ఈ పిన్ను పనంతా సాగడమే కదా! 3 మిల్లీమీటర్ల పిన్ను అయితే రెండు వైపులా ఒకటిన్నర మిల్లీమీటరు చొప్పున బయటికి ఉంచాలి. రంధ్రం అంచుని బయటివైపు కాస్త వెడల్పు చెయ్యాలి. గుండు సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పోతే పిన్ను తల విచ్చుకుని ఆ గుంటలో నిండిపోతుంది. తర్వాత ఆకురాయితో రాసి, ఎమరీ పేపర్ పట్టిస్తే పిన్ను మాయం!

మాయం కావాలంటే రెండూ ఒకే లోహం కావాలి. ఇత్తడికి ఇత్తడి, జర్మన్ సిల్వర్‌కి జర్మన్ సిల్వర్. స్టెయిన్‌లెస్ కదా అని ఏదో ఒకటి వేసేయకండి. 416 రకం బోల్‌స్టర్‌కి 304 పిన్ను వేస్తే పాలిష్ అయ్యాక రంగు తేడా బయటపడొచ్చు. పైగా 304 కొట్టేకొద్దీ గట్టిపడి మొండికేస్తుంది. డిజైన్ కోసం స్టీలు మీద ఇత్తడి చుక్కలు కావాలనే పెట్టుకుంటే అది వేరే సంగతి, బాగుంటుంది కూడా. కలిసీ కలవనట్టుండే రంగే అసలు దరిద్రం.

ఈసారి సీసం లేని రాడ్ వెతికి తెచ్చా. ముక్కలు కోసి మందంగా ఎరుపెక్కేదాకా కాల్చి చల్లార్చా, మెత్తబడతాయి. ఇది బిగించక ముందే చెయ్యాలి, కత్తికి ఆ వేడి తగిలితే పదును నిలవదు. ముందు తుక్కు పలకలో రెండు పిన్నులు కొట్టి చూసుకున్నా. ఆ తర్వాతే పాత పిన్నులు డ్రిల్ చేసి తీసి, తుప్పు గీకి, అడుగున ఎపాక్సీ రాసి కొత్త బోల్‌స్టర్ బిగించా.

అమ్మ కత్తిని అటూ ఇటూ తిప్పింది. ‘‘మేకులు వెయ్యడం మర్చిపోయావా?’’ అంది. గాల్లో తేలిపోయా.

నిన్న మళ్లీ ఫోన్. ఇత్తడి కదా అని చింతపండుతో తోమిందట. ఎడమవైపు ఒక పిన్ను లీలగా కనిపిస్తోందట.