పూటకూళ్లవాని పని



మంచి సమరయుని ఉపమానము (లూకా 10:30-35) మన సండే స్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అయితే అందులో ఒక మనిషిని మనం తరచుగా మరచిపోతాము. అతడే పూటకూళ్లవాడు. దెబ్బలు తిన్నవానిని దారిలోనుండి లేవనెత్తింది అతడు కాదు. ఆ గాయపడినవాడు అతనికి చుట్టమూ కాదు. గాయాలు మానేవరకు చోటివ్వడం, అన్నం పెట్టడం, కనిపెట్టి చూడడం, ఆ కొద్దిరోజులే అతని వంతు. ఆ వంతు తీసుకొనేవాడు లేకపోతే సమరయుని ప్రయాస సగంలో ఆగిపోయేది.

ఆ పనిని ఈ నెల ఒక మూగజీవి విషయంలో ఆలోచిద్దాము. రోడ్డుమీద దెబ్బతిన్న కుక్కనో, తల్లిలేని కుక్కపిల్లలనో ఎవరైనా కాపాడి తెస్తారు. వాటికి స్థిరమైన ఇల్లు దొరికేవరకు కొన్ని వారాలు మన ఇంట ఉంచుకొని సాకడమే ఈ సేవ. పట్టణాలలో దీనిని ఫోస్టర్ కేర్ అంటారు. హైదరాబాదులో అమల అక్కినేని 1992లో ప్రారంభించిన బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996లో మొదలైన వి.ఎస్.పి.సి.ఎ. మన తెలుగువారికి తెలిసిన జంతు సంరక్షణ సంస్థలు. ఎంత పెద్ద ఆశ్రయమైనా స్థలం చాలదు. పైగా చిన్నపిల్లలు గుంపులో ఉంటే పార్వో వంటి రోగాలు త్వరగా అంటుకుంటాయి. కొబ్బరిచెట్ల నీడ, కాస్త పెరడు, ఒక పాత గోనెసంచి ఉన్న మన గోదావరి పల్లె ఇల్లు వాటికి ఎంతో మేలైన చోటు.

కుక్కకు సేవ దేవుని పనేనా?

ఈ ప్రశ్న సహజమే. బైబిలులో కుక్క అనే మాట ఎక్కువగా తిరస్కారంగానే కనబడుతుంది. అయినా నీతిమంతుని గుర్తులలో ఒకటి తన పశువుల ప్రాణమును దయతో చూడడమని సామెతలు 12:10 బోధిస్తుంది. నీనెవె పట్టణము మీద దేవుడు జాలిపడినప్పుడు అక్కడి మనుష్యులతోపాటు పశువులను కూడా లెక్కలోనికి తెచ్చాడు (యోనా 4:11). ధనవంతుని వాకిట పడియున్న లాజరు దగ్గరకు ఆ యింటివారెవరూ వచ్చినట్లు లేదు గాని, కుక్కలు వచ్చినట్లు ప్రభువే చెప్పాడు (లూకా 16:21).

1824లో లండనులో జంతు హింసా నివారణ సంఘాన్ని స్థాపించడానికి ముందు నిలిచినవాడు ఆర్థర్ బ్రూమ్ అనే సంఘ కాపరి. ఆ సంఘపు అప్పులకు తాను జైలుకు కూడా వెళ్లాడు. బానిస వ్యాపారం మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఆ పనిలో అతనితో ఉన్నాడు. మనుష్యుని మీద జాలి, మూగజీవి మీద జాలి ఒకే హృదయంలో ఉండగలవని వారి జీవితాలే సాక్ష్యం.

మన ప్రాంతపు సంగతి

2021 జూలైలో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా లింగపాలెం మండలంలో వీధికుక్కలను విషపు ఇంజక్షన్లతో చంపి గోతిలో పూడ్చారన్న ఫిర్యాదు మీద పోలీసు కేసు నమోదైంది. ఆ వార్త చదివి బాధపడనివారు ఉండరు. అయితే బిడ్డను కుక్క కరిచిన తల్లి భయాన్ని కూడా మనం తేలికగా తీసివేయకూడదు. చంపడం వల్ల ఆ భయం తీరదు. ఒక వీధిలో కుక్కలు పోతే, తిండి దొరికే ఆ చోటికి పక్క వీధివి వస్తాయి. అందుకే పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించి, టీకా వేయించాలని 2001 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు చెప్పాయి, 2023 నాటి నిబంధనలు కూడా అదే చెబుతున్నాయి. ఒక ఆడపిల్లను సాకి, ఆపరేషను చేయించి, మంచి ఇంటికి అప్పగిస్తే, ముందు ముందు ఎన్నో దిక్కులేని పిల్లలు రోడ్డు పాలు కాకుండా ఆపినట్లే.

సాకేవారికి కొన్ని సూచనలు

1. ఇంటిల్లిపాదీ ఒప్పుకున్న తరువాతే తీసుకోండి. పెరడు ఊడ్చే భారమంతా ఇంటి ఇల్లాలి మీద పడవేయడం సేవ కాదు.

2. ఎంతకాలం ఉంచుకోవాలి, మందుల ఖర్చు ఎవరిది అనే సంగతి ముందే మాట్లాడుకోండి. సమరయుడు కూడా రెండు దేనారములు ముందుగా ఇచ్చాడు గదా!

3. మొదటి రోజే పశువుల డాక్టరుకు చూపించండి. నులిపురుగుల మందు, ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా అవసరం. ఇంట్లో వేరే కుక్క ఉంటే రెండు వారాలు విడిగా ఉంచండి.

4. మెత్తని అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి పెట్టవచ్చు. ఉల్లిపాయ, ఉడికిన కోడి ఎముకలు, చేపముళ్లు పెట్టవద్దు.

5. అది తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు పిల్లలను ముట్టుకోనివ్వవద్దు.

6. ఏ కుక్క కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టండి. కారం, సున్నం, పసరు పెట్టవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. ప్రార్థన చేయండి, టీకా కూడా వేయించండి. ప్రార్థించినవాడు టీకా వేయించుకుంటే విశ్వాసం తగ్గినట్లు కాదు.

విడిచిపెట్టే రోజు

ఈ సేవలో అన్నిటికంటె కష్టమైనది చివరి రోజు. రాత్రులు మేలుకొని బ్రతికించిన పిల్లను వేరొకరి చేతిలో పెట్టాలి. పిల్లలు ఏడుస్తారు. వారిని కసరవద్దు. మనకు అప్పగింపబడినది మనది కాదనీ, దానికి మనం గృహనిర్వాహకులమనీ ఆ కన్నీళ్లలోనే వారు నేర్చుకుంటారు. సొలొమోను మీద పాఠం పది వారాలు చెప్పినా అంత బాగా తెలియదు. ఎవరూ తీసుకోలేదని మాత్రం మళ్లీ రోడ్డుమీద వదలవద్దు. వీధికుక్కను దత్తత తీసుకునేవారు అది తిరిగి వీధికి రాకుండా చూడాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది.

2022 జూలై వరదల్లో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు సముద్రంలోకి పోయింది. లంకల్లో ఉండేవారికి తెలుసు, పడవలో మనిషికే చోటు ఇరుకు. అటువంటి వేళ గట్టుమీద ఉన్న సంఘాలు మనుష్యులకు భోజనం పెట్టి, మిగిలిన మెతుకులు గట్టున వణికే జీవికి వేసి, రెండు వారాలు పెరట్లో చోటిస్తే చాలు. అందరూ ఈ పని చేయలేరు. చేయగల ఇల్లు సంఘానికి ఒకటి ఉన్నా మంచిదే.

పూటకూళ్లవాని పేరు లేఖనములో లేదు. అతని ఇంటి తలుపు మాత్రం తెరిచే ఉంది. మన ఇండ్లను కూడా ప్రభువు అట్టి ఇండ్లుగా చేయును గాక. ఆమేన్.