చక్రాల ఇల్లు... చుక్కల పైకప్పు!

పడక, పొయ్యి, ఫ్రిజ్... ఇల్లంతా కారు వెనకాలే వస్తుంది. నచ్చినచోట ఆగొచ్చు. నచ్చినంతసేపు కూర్చోవచ్చు. ఎందుకాగారని అడిగేవారుండరు. ఆ మాటకొస్తే, అసలు మనుషులే కనిపించరు! ఆస్ట్రేలియాలోని నల్లర్‌బార్ మైదానం మీదుగా క్యారవాన్‌లో సాగే ప్రయాణం ఇలాగే ఉంటుంది. అయితే, ఆ స్వేచ్ఛకో ఖరీదుంది. దాన్ని డాలర్లలో కాదు, నీళ్ల లీటర్లలో లెక్కగడతారక్కడ.

తెల్లవారింది. జులై నెల... మనకు వానలు, వాళ్లకు చలికాలం. రోడ్డుకు కాస్త ఎడంగా ఆగి ఉన్న తెల్లటి క్యారవాన్ తలుపు తెరుచుకుంటుంది. గ్యాసు పొయ్యి మీద టీ మరుగుతుండగా, ఆయన టైర్లలో గాలి చూస్తారు. కారునీ క్యారవాన్‌నీ కలిపే కొక్కెం, గొలుసులు ఒకటికి రెండుసార్లు సరిచూస్తారు. లోపల ఆవిడ కప్పులూ గిన్నెలూ కదలకుండా అరల్లో సర్ది గడియలు పెడతారు. మరిచిపోతే సాయంత్రానికి మిగిలేవి పెంకులే! ఉద్యోగ విరమణ చేశాక ఇలా నెలల తరబడి దేశం చుట్టే దంపతులు ఆస్ట్రేలియాలో కోకొల్లలు. వీళ్లని ముద్దుగా 'గ్రే నోమాడ్స్' అంటారు. నెరిసిన జుట్టు సంచారులన్నమాట.

పేరులోనే ఉంది!

'నల్లర్‌బార్' అన్నది లాటిన్ మాటల నుంచి వచ్చిన పేరు. 'చెట్టు లేనిది' అని అర్థం. సుమారు 2 లక్షల చదరపు కి.మీ. సున్నపురాయి నేల... అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది. దాని అంచున సాగే ఐర్ హైవే మీద సెడూనా నుంచి నార్స్‌మన్ దాకా దాదాపు 1,200 కి.మీ. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లే దూరానికి రెండింతలు! మధ్యలో చెప్పుకోదగ్గ ఊరే లేదు. పెట్రోలు, భోజనం, పడుకోవడానికి గది దొరికే రోడ్‌హౌస్‌లు మాత్రం అక్కడక్కడా ఉంటాయి. ఈ రోడ్డుకు పూర్తిగా తారు పడింది 1976లోనే.

మొదటి మజిలీ హెడ్ ఆఫ్ బైట్. మే నుంచి అక్టోబరు మధ్య 'సదరన్ రైట్' తిమింగలాలు దక్షిణ ధ్రువం వైపు చల్లటి సముద్రాల నుంచి ఇక్కడికొచ్చి పిల్లల్ని కంటాయి. గట్టు మీద నిలబడితే చాలు, తల్లి పక్కనే ఈదే పిల్ల తిమింగలం స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి నుంచి పడమరకు దాదాపు 200 కి.మీ. పొడవునా బుండా కొండచరియలు. చదునుగా సాగిన నేల ఉన్నట్టుండి కత్తితో కోసినట్టు తెగి సముద్రంలోకి దిగిపోతుంది!

రేడియోలో పలకరింపు

వెనక క్యారవాన్ ఉంటే కారు మామూలుకన్నా ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి అంతకుమించి ఇంధనం తాగుతుంది. ఎదురుగాలి వీస్తే చెప్పనే అక్కర్లేదు. అందుకే రోడ్‌హౌస్ కనిపిస్తే, ట్యాంకు సగం నిండి ఉన్నా సరే ఆగి నింపుకోవాల్సిందే. 30 మీటర్లకు పైగా పొడవుండే 'రోడ్ ట్రైన్' లారీలు పక్కనుంచి దూసుకెళితే క్యారవాన్ ఊగిపోతుంది. కాబట్టి కారులో చిన్న రేడియో తప్పనిసరి. 40వ ఛానల్ లారీ డ్రైవర్లది. 18వ ఛానల్ క్యారవాన్ల వాళ్లది. 'వెనక వస్తున్నా' అని లారీ డ్రైవరు చెబితే, 'దారి ఖాళీగా ఉంది, వచ్చెయ్యండి' అని వీళ్లు వేగం తగ్గిస్తారు. చాలాచోట్ల సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండదు మరి.

మధ్యాహ్నానికి పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు. అక్కడ తనిఖీ అధికారులు వెతికేది ఆయుధాల కోసం కాదు... పండ్లు, కూరగాయలు, తేనె కోసం! పొలాలకు తెగుళ్లు, పురుగులు సోకకుండా ఈ జాగ్రత్త. తెలిసినవాళ్లు ముందురోజే ఉన్న కూరలన్నీ కలిపి వండేసుకుంటారు. అక్కడే గడియారాన్నీ ముప్పావుగంట వెనక్కి తిప్పుకోవాలి. ఈ చుట్టుపక్కల నాలుగైదు రోడ్‌హౌస్‌లకు మాత్రమే పరిమితమైన వింత సమయం అది.

నీళ్లు చూపించిన వాళ్లు

సరిహద్దు దాటగానే యూక్లా. 1877లో మొదలైన అక్కడి టెలిగ్రాఫ్ ఆఫీసు గోడలు ఇప్పుడు ఇసుకదిబ్బల్లో సగం కూరుకుపోయి ఉంటాయి. ఆ ఇసుకకో కథ ఉంది. 1841లో ఎడ్వర్డ్ జాన్ ఐర్ అనే ఆంగ్లేయుడు గుర్రాలతో, కొద్దిమంది తోడుతో ఈ దారిన బయల్దేరాడు. ఎటు చూసినా నీటిచుక్క లేదు. హెడ్ ఆఫ్ బైట్ దగ్గర స్థానిక ఆదివాసులు ఇసుకలో ఎక్కడ తవ్వితే మంచినీళ్లు పడతాయో చూపించారు. మళ్లీ నీళ్లు దొరికేది ఎక్కడో కూడా చెప్పారు. దారిలో సహచరుడు బాక్‌స్టర్ హత్యకు గురయ్యాడు. చివరికి వైలీ అనే ఆదివాసీ యువకుడితో కలిసి ఐర్ జులైలో ఆల్బనీ చేరుకున్నాడు. హైవేకి పెట్టింది ఐర్ పేరే. కానీ ఆ ప్రాణం నిలిపింది మాత్రం ఈ నేలను ఎరిగిన మనుషులు!

ఇప్పటికీ లెక్క మారలేదు. భూగర్భంలో ఉన్నది చాలావరకు ఉప్పునీరే. దాన్ని శుద్ధి చేసి వాడుకునే రోడ్‌హౌస్‌లలో నీళ్లు పట్టుకోనివ్వరు, స్నానానికీ డబ్బు కట్టాలి. క్యారవాన్ అడుగు ట్యాంకుల్లో ఉన్నదే ఆధారం. తాగడానికి వేరే డబ్బాల్లో దాచుకుంటారు. కూరగాయలు కడిగిన నీళ్లతోనే గిన్నెలు తొలిసారి తొలుస్తారు. బండి చెడిపోతే దాన్ని వదిలి నడిచి వెళ్లకూడదన్నది అక్కడ పెద్దలందరూ చెప్పే మాట. విమానంలోంచి చూస్తే కారు కనిపిస్తుంది, మనిషి కనిపించడు. నీళ్లుంటే, నీడలో కూర్చుంటే, సాయం వచ్చేదాకా ప్రాణం నిలుస్తుంది.

సాయమూ ఆకాశం నుంచే రావచ్చు. మారుమూల రోగుల కోసం 1928లో మొదలైన ఫ్లయింగ్ డాక్టర్ విమానాలు దిగడానికి ఈ హైవేలోనే కొన్నిచోట్ల రోడ్డును వెడల్పు చేసి, రన్‌వే గీతలు గీశారు. అంబులెన్సు రోడ్డు మీద రావడం అందరికీ తెలుసు. ఇక్కడ గాల్లోంచి వచ్చి రోడ్డు మీద వాలుతుంది!

పొద్దుగూకక ముందే...

సూర్యుడు దిగకముందే ప్రయాణం ఆపేయాలి. చీకటి పడుతుంటే కంగారూలు రోడ్డెక్కుతాయి. ఒక్కటి తగిలినా కారు ముందుభాగం నుజ్జే. ఉచితంగా రాత్రి గడపడానికి అనుమతి ఉన్న స్థలంలో క్యారవాన్ నిలుపుతారు. బాత్‌రూమ్ లేనివాళ్లు దూరంగా గొయ్యి తవ్వి పూడ్చాలి. చెత్త ఒక్క ముక్క కూడా వదలకుండా వెంట తీసుకెళ్లాలి. ఎండాకాలంలో నిషేధం ఉన్న రోజుల్లో నెగడు వేస్తే నేరం.

భోజనమయ్యాక దీపాలార్పి కుర్చీలు బయటేసుకుంటే... పాలపుంత! నడినెత్తిన వృశ్చికరాశి, అందులో ఎర్రగా మన జ్యేష్ఠా నక్షత్రం. సదరన్ క్రాస్ పక్కనున్న నల్లటి మరకలో చాలామంది ఆదివాసులు ఈమూ పక్షి తలను చూస్తారు. మనం చుక్కల్ని కలిపి బొమ్మలు గీస్తే, వాళ్లు చుక్కల మధ్య చీకటిలో బొమ్మని చూశారు.

పక్కన ఆగిన మరో క్యారవాన్ నుంచి ఎవరో వస్తారు. ఊరూ పేరూ తరవాత... మొదటి ప్రశ్న మాత్రం ఒకటే: 'నీళ్లు సరిపడా ఉన్నాయా?'