లాసెట్ మనసొంటోళ్లకు కాదంటరు, నిజమేనా?

పెద్ద కొడప్‌గల్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి మొన్న లా కాలేజీల ప్రవేశ పరీక్ష అయిన లాసెట్ గైడు తెచ్చి నా ముందు పెట్టింది. వాళ్ల అన్న వాడిన పుస్తకం. అట్ట ఊడిపోతే బ్రౌన్ టేపు అతికించారు. లోపల ఎర్ర ఇంకు గీతలు: హత్యకు 302, మోసానికి 420, జనం గుమిగూడకుండా 144. అన్నీ ఎక్కాల్లా ఒప్పజెప్పింది. ఒక్క అంకె కూడా తడబడలేదు.

"బిడ్డా, ఇప్పుడు ఆ నంబర్లు లేవు" అన్నాను.

"అంటే నేను చదివిందంతా పోయినట్టేనా సార్?" అంది. గొంతు పూడుకుపోయింది.

పోలేదు. కానీ ఆ అమ్మాయిని ఇలా తిప్పలు పెట్టింది పరీక్ష కాదు, పరీక్ష గురించి నలుగురూ చెప్పిన మాటలు. బాన్సువాడ, బిచ్కుంద, పిట్లం, జుక్కల్ దిక్కు ఈ మాటలు నేను ఏళ్లుగా వింటున్నాను. చదవగలిగిన పిల్లలు దరఖాస్తు కూడా పెట్టకుండా ఆగిపోతుంటే మనసు కలుక్కుమంటుంది. అందుకే ఒక్కొక్క మాటనూ పట్టుకుని చూద్దాం.

"పాత గైడు చాలు, సెక్షన్లు బట్టీ పడితే సీటు పక్కా"

2024 జూలై 1 నుంచి మూడు పెద్ద చట్టాలు మారాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 1872 సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. శిక్షాస్మృతిలో 511 సెక్షన్లుండేవి, న్యాయ సంహితలో 358 ఉన్నాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. నలుగురి నోటా నానిన 420 ఇప్పుడు 318లో నాలుగో ఉపవిభాగం. 144 కింద ఇచ్చే ఉత్తర్వులు ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలోని 163 కింద వస్తాయి.

అలాగని పాతవి చెత్తబుట్టలో వెయ్యాల్సిన పని లేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది, ఆ కేసులు కోర్టుల్లో ఇంకా చాలాకాలం నడుస్తాయి. కాబట్టి నోట్‌బుక్‌లో గీత గీసి ఎడమ పక్క పాత నంబరు, కుడి పక్క కొత్త నంబరు రాసుకోవాలి. ఆ అమ్మాయికి అదే చెప్పాను. ఆమె కష్టం సగం అట్లాగే నిలిచింది.

అసలు సంగతి వేరే ఉంది. నంబర్లు తెలిస్తే వచ్చే మార్కులు కొన్నే. లాసెట్‌లో 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. అందులో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30. వర్తమాన వ్యవహారాలకు 30. మిగతా 60, అంటే సరిగ్గా సగం, న్యాయశాస్త్రం చదవగలిగే ఆలోచన ఉందా లేదా చూసే ప్రశ్నలు. ఇద్దరికి సమానంగా మార్కులు వస్తే ముందు చూసేది కూడా ఈ భాగంలో ఎవరికి ఎక్కువ వచ్చాయనే. ఇక్కడ పనికొచ్చేది రాజ్యాంగం, ప్రాథమిక హక్కులు, ఒప్పందాలు, నష్టపరిహారం లాంటి విషయాలను అర్థం చేసుకుని చదవడం.

ఒక ఉదాహరణ చెబుతాను. అంగట్లో ఎడ్ల బేరం అనుకోండి. రాజయ్య "జోడి లక్షకిస్త" అన్నాడు. సాయిలు "తొంభైకియ్యి" అన్నాడు. రాజయ్య తల అడ్డంగా ఊపాడు. ఓ గంట తర్వాత సాయిలు తిరిగొచ్చి "సరే, లక్ష ఇస్త, తాడు నా చేతికియ్యి" అన్నాడు. ఆలోగా ఎడ్లు ఇంకొకరికి అమ్ముడుపోయాయి. రాజయ్య ఒప్పందం తప్పినట్టా? కాదు. తొంభై అన్న క్షణమే రాజయ్య మొదటి ప్రతిపాదన చచ్చిపోయింది. సాయిలు పెట్టింది కొత్త ప్రతిపాదన, దానికి రాజయ్య ఒప్పుకోలేదు. గంట తర్వాత అన్న లక్ష కూడా మరో కొత్త ప్రతిపాదనే. అంగీకారం అంటే ఎదుటివాడు చెప్పినదాన్ని చెప్పినట్టు, షరతు లేకుండా ఒప్పుకోవడం అని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఏడో సెక్షన్ అంటుంది. ఆ సెక్షన్ నంబరు గుర్తు లేకపోయినా అంగడికి పోయినవాడికి ఈ తర్కం తెలుసు. ఆ తెలిసినదాన్ని చట్టం మాటల్లో పట్టుకోవడమే సన్నద్ధత.

"ఇంగ్లిష్ రానోళ్లకు లా లేదు"

ఈ మాట చేసినంత నష్టం ఇంకేదీ చెయ్యలేదు. తెలుగు మీడియం పిల్లల్ని గడప దగ్గరే ఆపేసింది ఇదే.

లాసెట్‌లో ఇంగ్లిష్‌కని వేరే విభాగమే లేదు. ప్రశ్నలు తెరమీద తెలుగులోనూ ఉంటాయి, ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. తెలుగు అనువాదం ఎక్కడైనా తికమకగా అనిపిస్తే పక్కనున్న ఇంగ్లిష్ వాక్యం కూడా ఒకసారి చూసుకోవాలి, అంతే. అందుకే "క్షతిపూర్తి", "జమానతు", "వాది", "ప్రతివాది" లాంటి మాటలను రెండు భాషల్లోనూ గుర్తుపట్టేలా ఓ జాబితా పెట్టుకుంటే చాలు.

కాలేజీలో చేరాక మాత్రం ఇంగ్లిష్ తప్పదు. పుస్తకాలు, పెద్ద కోర్టుల తీర్పులు ఎక్కువగా ఆ భాషలోనే ఉంటాయి. కానీ అది చేరాక నేర్చుకునే పని, చేరకముందు భయపడే పని కాదు. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టిన ఎన్.వి. రమణ, తాను ఎనిమిదో తరగతిలో ఇంగ్లిష్ మొదలుపెట్టానని సుప్రీంకోర్టులో విచారణ మధ్యలోనే చెప్పారు. అప్పటికి ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి. 2021 ఏప్రిల్ నుంచి 2022 ఆగస్టు దాకా ఆ కుర్చీలో ఉన్నారు. అంతెందుకు, 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక కుటుంబ ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది.

ఇంకోమాట. మన సరిహద్దు మండలాల్లో మనిషికి తెలుగుతోపాటు మరాఠీ వచ్చు, కన్నడ వచ్చు, ఉర్దూ వచ్చు. సాక్షి బోనులో నిలబడ్డ ముసలమ్మ "మాఝం శేత్" అంటే ఆమె తన చేను గురించి చెబుతోందని వెంటనే తెలిసే వకీలు హైదరాబాద్‌లో ఎంతమంది దొరుకుతారు? ఇది లోటు కాదు, ఆస్తి.

"తెలియనిది వదిలెయ్యాలి, తప్పు రాస్తే మార్కు కోస్తరు"

లాసెట్‌లో తప్పుకు మార్కు కొయ్యరు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. నాలుగు జవాబుల్లో గుడ్డిగా ఒకటి పెట్టినా నాలుగింటికి ఒకటి తగలొచ్చు. ఇరవై ప్రశ్నలు వదిలేసి వచ్చిన పిల్లాడు దాదాపు ఐదు మార్కులను బల్లమీద పెట్టి వచ్చినట్టే. ర్యాంకుల్లో ఐదు మార్కులంటే వందలమందిని దాటడం.

మార్కు కోసేది క్లాట్‌లో. అది జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల పరీక్ష, అక్కడ తప్పుకు పావు మార్కు పోతుంది. లెక్క వేయండి: పదహారు ప్రశ్నలు గుడ్డిగా రాస్తే నాలుగు కుదరొచ్చు, పన్నెండు తప్పుతాయి. నాలుగు వచ్చి మూడు పోతే మిగిలేది ఒక్కటి. నాలుగింటిలో రెండు జవాబులు కావని తేలితే మాత్రం అక్కడా రాయడమే మంచిది. రెండు పరీక్షల నియమాలు కలిపేసుకోవడం వల్లే ఈ అపోహ పుట్టింది.

"బైపీసీ చదివినం, ఓపెన్‌ల డిగ్రీ చేసినం, వయసు మీద పడ్డది"

ఐదేళ్ల కోర్సుకు ఇంటర్ ఏ గ్రూపైనా ఒకటే. మూడేళ్ల కోర్సుకు డిగ్రీ ఏదైనా ఒకటే. జనరల్ వాళ్లకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 ఉండాలి. చివరి సంవత్సరం పరీక్షలు రాస్తున్నవాళ్లూ దరఖాస్తు పెట్టొచ్చు. పై వయసు పరిమితి లేదు.

ఓపెన్ డిగ్రీ సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. పది, ఇంటర్ పాసై తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్లు అర్హులే. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ తెచ్చుకున్నవాళ్లను బార్ కౌన్సిల్ 2008 నియమాలు ఒప్పుకోవు. పెళ్లయ్యాక అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసిన అక్కలు చాలామంది ఈ రెండో నియమాన్ని విని, తమకూ అదే వర్తిస్తుందనుకుని ఊరుకున్నారు. ఇంటర్ మెమో చేతిలో ఉంటే ఆ భయం వద్దు.

"క్వాలిఫై అయితే సీటు వచ్చినట్టే"

కాదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు కావాలి. ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస మార్కు లేదు. సీటు మాత్రం ర్యాంకును బట్టి, రిజర్వేషన్‌ను బట్టి, కౌన్సెలింగ్‌లో మనం పెట్టే కాలేజీల వరుసను బట్టి వస్తుంది. అమ్మాయిలకు మూడో వంతు సీట్లున్నాయి. మంచి ర్యాంకు తెచ్చుకుని కూడా కౌన్సెలింగ్‌లో రెండే రెండు కాలేజీలు పెట్టి సీటు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఉస్మానియా కాలేజీలతో ఆపేయకుండా డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీ న్యాయ కళాశాల దాకా వరుసగా పెట్టుకుంటూ పోవాలి.

"దెగ్లూర్‌ల చదివినా మనూరోడే గదా"

161వ నంబరు జాతీయ రహదారి మన ఊరి మీదుగా నాందేడ్ దిక్కు పోతుంది. బస్సెక్కితే రాష్ట్ర సరిహద్దు అవతలి దెగ్లూర్ దగ్గర. మనవాళ్లు పిల్లల్ని అక్కడా, బీదర్‌లోనూ చదివిస్తారు. తప్పేం లేదు. అయితే రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద తెలంగాణలో 85 శాతం సీట్లు స్థానికులకు. స్థానికుడంటే ఇక్కడ పుట్టినవాడనే కాదు, ఎక్కడ ఎన్నేళ్లు చదివాడు, ఎక్కడ ఉన్నాడు అన్నది చూస్తారు. ఇంటి పట్టా చూపిస్తే సరిపోదు. ఏ తరగతి ఎక్కడ చదివారో బోనఫైడ్ సర్టిఫికెట్లు ముందే తెచ్చి ఫైలులో పెట్టుకోండి. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో స్థానికత పేరా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవండి. కౌన్సెలింగ్ రోజు పొద్దున దెగ్లూర్‌కు పరుగెత్తే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

"హైదరాబాద్ కోచింగ్ లేకుంటే కష్టం"

క్లాట్‌కు ఈ మాటలో కొంత నిజముంది. ఆ పరీక్ష పూర్తిగా ఇంగ్లిష్‌లోనే. 2020 నుంచి పొడవాటి పేరాలు ఇచ్చి వాటిమీద ప్రశ్నలు అడుగుతున్నారు. రెండు గంటల్లో 120 ప్రశ్నలు. ఇంటర్ మొదటి ఏడాది నుంచే రోజూ ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయం చదవాలి. అయినా శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం మనకు పరాయిది కాదు, 1998 నుంచి మన నేలమీదే ఉంది. క్లాట్‌కు చట్టం ముందే తెలిసి ఉండాల్సిన పని లేదు, సూత్రం పేరాలోనే ఇస్తారు.

లాసెట్‌కు మాత్రం రోజూ తెలుగు దినపత్రిక, రాజ్యాంగం మీద ఒక మంచి తెలుగు పుస్తకం, పాత ప్రశ్నపత్రాలు ఉంటే చాలు. పేపర్లో చదివేది మన బతుకుతో కలిపి చదవాలి. భూముల రికార్డులకు ధరణి స్థానంలో భూభారతి చట్టం 2025లో వచ్చింది. మన ఇంట్లో పాస్‌బుక్కు ఉంది, ఏం మారిందని నాన్నను అడగండి, తహసీల్ ఆఫీసులో అడగండి. అలా తెలుసుకున్నది మరిచిపోరు.

పరీక్ష కంప్యూటర్ మీద. మనవాళ్లకు దెబ్బ పడేది ఇక్కడ. ప్రశ్నకు 45 సెకన్లే. మౌస్ పట్టడం అలవాటు లేకపోతే అందులో పది సెకన్లు చేతికే పోతాయి. బాన్సువాడలోనో పిట్లంలోనో నెట్ సెంటర్‌కు పోయి గడియారం పెట్టుకుని కనీసం పది మాక్ టెస్టులు రాయండి. ఫోన్లో రాసింది లెక్కకు రాదు.

"సీటొస్తే చాలు, క్లాసులకు పోయేదేముంది"

ఉద్యోగం చేసుకుంటూ పేరుకు లా చేద్దామనుకునేవాళ్లకు చెబుతున్నాను: బార్ కౌన్సిల్ నియమం 70 శాతం హాజరు అడుగుతుంది. నియమం సంగతి పక్కన పెట్టినా, క్లాసులో కూర్చోని మనిషిని నమ్మి రేపు ఎవరో రైతు తన రెండెకరాల కేసు చేతిలో పెడతాడు. ఆ రైతు గురించి ఆలోచించండి.

ఆ అమ్మాయి లేచేముందు, వెంట వచ్చిన వాళ్ల నాయన ఒక్కటే అడిగాడు. ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నట్టుంది: "సదువైనంక సన్నదుకు లక్షలు గట్టాలంటరు గద సార్?"

ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో వేలకు వేలు తీసుకునేవారు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఆపేసింది. సన్నదుకు, అంటే వకీలుగా నమోదుకు, కట్టే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. బార్ కౌన్సిళ్లు అంతకు మించి తీసుకోకూడదు. తర్వాత బార్ కౌన్సిల్ పెట్టే పరీక్ష ఒకటి ఉంటుంది, అదీ తెలుగులో రాయొచ్చు.

ఆయనకు నమ్మకం కుదరలేదు. ఆ టేపు అతికించిన గైడు తీసుకుని, వెనక అట్ట లోపలివైపు తేదీ, 750, 125 రాసిచ్చాను. ఆయన ఫోన్ టార్చి వేసి రెండుసార్లు చదువుకున్నాడు. పుస్తకం బిడ్డ చేతికి ఇవ్వకుండా తన చంకలో పెట్టుకునే బండి దగ్గరకు నడిచాడు.