మేత్రాసన పరిపాలనా వార్తలు – అధికార మార్పిడి, తేదీల ప్రాధాన్యం: విశాఖ అతిమేత్రాసనం, కొయ్యూరు ప్రాంత నేపథ్యం

సారాంశం:

కతోలిక మేత్రాసనాలు వెలువరించే పరిపాలనా వార్తలు చూడటానికి చిన్న ప్రకటనలు. ఫలానా గురువు బదిలీ, పీఠాధిపతి నియామకం, కొత్త విచారణ స్థాపన, రాబోయే పండుగ వంటివి వాటిలో ఉంటాయి. అయితే వాటిలోని ప్రతి వాక్యం వెనుక శ్రీసభ చట్టస్మృతి నిర్దేశించిన ఒక అధికార చర్య ఉంటుంది. ఆ చర్య ఏ తేదీ నుంచి అమలులోకి వస్తుందన్నదే అందులో కీలకాంశం. విశాఖ అతిమేత్రాసన పరిధిలో, మన్యం అంచున ఉన్న కొయ్యూరు ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ వార్తల పదజాలాన్ని, నిర్మాణాన్ని, చట్టపరమైన అర్థాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: మేత్రాసనం, విచారణ, విచారణకర్త, పీఠం ఖాళీ, స్వీకారం, కొయ్యూరు, విశాఖ అతిమేత్రాసనం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు ప్రాంత క్రైస్తవ చరిత్రను పరిశీలించిన రచనలు ఎక్కువగా మిషనరీల జీవితాలను, విద్యాసంస్థలను, అనువాదాలను ఆధారం చేసుకున్నాయి. మేత్రాసనాల దైనందిన పరిపాలన నుంచి పుట్టే లిఖిత సామగ్రికి అంత ఆదరణ దక్కలేదు. నియామక పత్రాలు, బదిలీ ఉత్తరువులు, సందర్శన కార్యక్రమాలు, పండుగల ప్రకటనలు ఈ కోవకు చెందుతాయి. ఒక గ్రామంలో ఎవరు వివాహం జరిపించవచ్చు, ఎవరు రిజిస్టరులో సంతకం చేయవచ్చు, ఎవరి అనుమతితో కట్టడం మొదలవుతుంది అన్న ప్రశ్నలకు సమాధానం ఈ సామగ్రిలోనే దొరుకుతుంది. నగరంలోని విశ్వాసికి సందేహం వస్తే పీఠాధిపతి కార్యాలయం దగ్గరలోనే ఉంటుంది. నర్సీపట్నం దాటి కొండదారి పట్టిన తరువాత వచ్చే కొయ్యూరు వంటి చోట ఆ ప్రకటనే ప్రధాన ఆధారం.

2. పదజాలం: మేత్రాసనం, విచారణ:

పీఠాధిపతిని తెలుగు కతోలికులు ‘మేత్రాణులు’ అని, ఆయన పాలనా పరిధిని ‘మేత్రాసనం’ అని వ్యవహరిస్తారు. ‘మేత్రాసనం’ అన్న మాటకు తమిళ కతోలికుల పాత వాడుకలోని ‘మేట్రిరాసనం’తో దగ్గరి పోలిక ఉంది. చుట్టుపక్కల మేత్రాసనాలకు నాయకత్వ స్థానంలో ఉండేది ‘అతిమేత్రాసనం’ లేదా ‘అగ్రపీఠం’.

‘విచారణ’ అన్న మాట విషయంలో కొత్త పాఠకుడు పొరబడే అవకాశం ఎక్కువ. నేటి పత్రికా భాషలో విచారణ అంటే నేరంపై ఆరా లేదా న్యాయస్థానంలో వాదప్రతివాదాలు. మేత్రాసన వార్తలో అది ఒక గురువు సంరక్షణకు అప్పగించిన విశ్వాసుల సమూహం. అక్కడ ‘విచారణ బాధ్యతల నుంచి విడుదలయ్యారు’ అన్న వాక్యం సాధారణ బదిలీనే తెలుపుతుంది. విచారించడం అంటే బాగోగులు చూడటం అన్న పాత అర్థం ఇందులో నిలిచి ఉంది. ఈ అర్థం శ్రీసభకే పరిమితం కాదు. 1843 నుంచి 1933 వరకు తిరుమల ఆలయ నిర్వహణ చూసిన హాథీరాంజీ మఠ మహంతులను కూడా ‘విచారణకర్తలు’ అనే వ్యవహరించారు. పరిపాలనా తెలుగులో ఒకప్పుడు విస్తృతంగా ఉన్న అర్థాన్ని మేత్రాసన భాష భద్రపరచిందనడానికి ఇది నిదర్శనం.

3. రెండు పటాలు: మేత్రాసన సరిహద్దు, జిల్లా సరిహద్దు:

ఫ్రాన్సిస్ ద సేల్స్ సభకు చెందిన గురువులు ఆనెసీ నుంచి బయలుదేరి 1846లో విశాఖపట్నం చేరారు. 1850 ఏప్రిల్ 3న విశాఖ అపోస్తలిక వికారియేట్ ఏర్పడింది. 1886 సెప్టెంబరు 1న అది మేత్రాసనమైంది. అప్పటి పరిధి చాలా విశాలం. 1887లో నాగపూర్ మేత్రాసనం, 1928లో కటక్ మిషన్ దీని నుంచి భూభాగాన్ని పొందాయి. 1993 జులై 1న శ్రీకాకుళం మేత్రాసనం వేరుపడింది. 2001 అక్టోబరు 16న విశాఖ అతిమేత్రాసనంగా ఉన్నతి పొందింది. ఏలూరు, గుంటూరు, నెల్లూరు, శ్రీకాకుళం, విజయవాడ మేత్రాసనాలు దాని ప్రాంతీయ మండలంలో చేరాయి.

ప్రభుత్వ పటం ఇంకో దారిలో నడిచింది. 1839 చట్టం విశాఖ మన్యాన్ని మైదాన ప్రాంత సాధారణ పాలన నుంచి వేరుచేసి ఏజెంటు అధికారం కిందికి తెచ్చింది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చిచంపిన కొయ్యూరు ఈ ప్రత్యేక పాలన కింద ఉన్న ప్రాంతానికి చెందినదే. స్వాతంత్ర్యానంతరం అది రాజ్యాంగం ఐదవ షెడ్యూలు పరిధిలో కొనసాగింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో కొయ్యూరు మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, దానికి దగ్గరి పట్టణమైన నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి.

మేత్రాసనం దృష్టిలో ఈ రెండు చోట్ల మధ్య ఏ సరిహద్దూ లేదు. మేత్రాసనాలను స్థాపించే అధికారం శ్రీసభ సర్వోన్నత అధికారానికే ఉంది (నిబంధన 373). కనుక జిల్లా గీత మారినంత మాత్రాన మేత్రాసన గీత మారదు. కొవ్వూరు ఇందుకు మరో ఉదాహరణ. 2022 నుంచి అది తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నా, పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాను ఆధారం చేసుకొని 1976లో ఏర్పడిన ఏలూరు మేత్రాసనంలోనే కొనసాగుతోంది. అందువల్ల మేత్రాసన వార్తలోని స్థలనామాన్ని నేటి జిల్లా పటంతో మాత్రమే పోల్చి చూసే పరిశోధకుడు పొరపాటు నిర్ణయానికి వచ్చే ప్రమాదముంది.

4. పీఠం ఖాళీ అయినప్పుడు:

పీఠాధిపతులు 75 ఏళ్లు నిండగానే పోప్‌కు రాజీనామా సమర్పించవలసి ఉంటుంది (నిబంధన 401). సమర్పించిన రోజున పీఠం ఖాళీ కాదు. పోప్ ఆమోదించినప్పుడే అవుతుంది. ఆమోదం, నియామకం వంటి నిర్ణయాలను రోమ్‌లో మధ్యాహ్నం 12 గంటలకు ప్రకటిస్తారు. అప్పుడు భారతదేశంలో శీతాకాలంలో సాయంత్రం 4.30, వేసవిలో 3.30 అవుతుంది.

విశాఖలో ఇటీవల ఈ క్రమమే నడిచింది. 2012 నుంచి అగ్రపీఠాధిపతిగా ఉన్న మల్లవరపు ప్రకాష్ 2024లో పదవీవిరమణ చేశారు. ఏలూరు పీఠాధిపతి పొలిమేర జయరావు మధ్యకాలంలో అపోస్తలిక పాలనాధికారిగా వ్యవహరించారు. 2025లో వరంగల్ పీఠాధిపతి ఉడుముల బాల విశాఖకు నియమితులయ్యారు. ఇలాంటి బదిలీ వార్త రెండు మేత్రాసనాలకు సంబంధించినది. నియమితుడు రెండు నెలల్లోగా కొత్త పీఠాన్ని స్వీకరించాలి. స్వీకరించిన రోజునే పాత పీఠం ఖాళీ అవుతుంది (నిబంధన 418).

ఖాళీ కాలంలో మేత్రాసనాన్ని ఎవరు నడుపుతారన్న దానికి రెండు మార్గాలున్నాయి. రోమ్ స్వయంగా ఎవరినీ నియమించని పక్షంలో సలహాదారు గురువుల మండలి 8 రోజుల్లోగా మేత్రాసన పాలనాధికారిని ఎన్నుకోవాలి (నిబంధన 421). రోమ్ నియమించినప్పుడు ఆయన అధికార పరిధిని నియామక ఉత్తరువు నిర్ణయిస్తుంది. మేత్రాసన పాలనాధికారి, అపోస్తలిక పాలనాధికారి అన్న మాటలు పర్యాయపదాలు కావు. వార్తా రచనలో వీటిని కలగలపడం తరచు జరిగే పొరపాటు.

‘పీఠం ఖాళీగా ఉండగా ఏదీ కొత్తగా మార్చరాదు’ అన్నది ఈ కాలపు మూల నియమం (నిబంధన 428). దీని ప్రభావం అట్టడుగు విచారణ వరకు చేరుతుంది. ఎన్నికైన పాలనాధికారి పీఠం ఖాళీ అయి ఏడాది గడిచేవరకు స్వేచ్ఛగా విచారణకర్తలను నియమించలేరు (నిబంధన 525). ఈలోగా ఒక కొండ విచారణలో గురువు మరణించినా, విరమించినా అక్కడికి వచ్చేది తాత్కాలిక విచారణ నిర్వాహకుడే. దైనందిన బాధ్యతలలో ఆయన విచారణకర్తతో సమానుడు. అయినా విచారణ ఆస్తులకు హాని కలిగించగల పని ఏదీ చేయరాదు (నిబంధన 540). కాబట్టి ‘నిర్వాహకుడు’ అన్న ఒక్క మాట ఆ విచారణలో పెద్ద నిర్ణయాలు వాయిదా పడ్డాయని సూచిస్తుంది.

5. విచారణకర్త బదిలీ: మూడు తేదీలు:

బదిలీ వార్తలో మూడు తేదీలను వేరుచేసి చూడాలి. మొదటిది ఉత్తరువు తేదీ. రెండవది ప్రకటన తేదీ. మూడవది స్వీకార తేదీ. విచారణ సంరక్షణ బాధ్యత గురువుకు దక్కేది మూడవ తేదీనే (నిబంధన 527). బదిలీ అయిన గురువు మరోవిధమైన ఏర్పాటు లేకపోతే కొత్త బాధ్యతను స్వీకరించిన రోజునే పాత బాధ్యతను కోల్పోతారు (నిబంధన 191). ఆయన వెళ్లిన తరువాత, కొత్తవారు వచ్చేలోగా, సహాయ గురువు తాత్కాలికంగా బాధ్యత వహిస్తారు. సహాయ గురువు లేని చోట మేత్రాసన నియమం నిర్దేశించిన విచారణకర్త ఆ భారం మోస్తారు (నిబంధన 541).

ఈ తేదీల భేదం వివాహాల దగ్గర ముఖ్యమవుతుంది. స్థానిక అధికారి, విచారణకర్త, లేదా వారిలో ఒకరి అనుమతి పొందిన గురువు లేదా డీకన్ సమక్షంలో జరిగితేనే కతోలిక వివాహం సాధారణంగా చెల్లుతుంది (నిబంధన 1108). కొత్త గురువు ఊరికి చేరినా స్వీకార విధి జరగకముందే, ఎవరి అనుమతీ లేకుండా వివాహం జరిపిస్తే దాని చెల్లుబాటుపై ప్రశ్న తలెత్తుతుంది. ఆయనే విచారణకర్త అని ఊరంతా నమ్మిన సందర్భంలో లోపించిన అధికారాన్ని శ్రీసభే సమకూరుస్తుందన్న రక్షణ ఉంది (నిబంధన 144). కానీ ఆ రక్షణ వర్తిస్తుందో లేదో తేల్చడానికి మళ్లీ ఆ తేదీలే ఆధారం.

పౌర చట్టం కూడా ఇక్కడ కలుస్తుంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం 30వ సెక్షను ప్రకారం, కతోలిక గురువు జరిపిన వివాహాన్ని పీఠాధిపతి నిర్దేశించిన వ్యక్తి, నిర్దేశించిన నమూనాలో నమోదు చేసి, మూడు నెలలకొకసారి రిజిస్ట్రార్ జనరల్‌కు వివరాలు పంపాలి. కొన్నేళ్ల తరువాత పాస్‌పోర్టుకో, వారసత్వ ధ్రువీకరణకో ఆ నమోదు అవసరమైన కుటుంబానికి సంతకం చేసిన గురువు హోదా, తేదీ ప్రాణప్రదమవుతాయి.

6. షెడ్యూల్డు ప్రాంతంలో కొత్త విచారణ:

గురువుల సభ అభిప్రాయం విన్న తరువాత కొత్త విచారణను స్థాపించే అధికారం పీఠాధిపతికి ఉంది. అలా ఏర్పడిన విచారణకు శ్రీసభ చట్టరీత్యా స్వతంత్ర వ్యక్తిత్వం దానంతటదే వస్తుంది (నిబంధన 515). మైదాన ప్రాంతంలో ఆ ప్రకటన తరువాత స్థల సేకరణ, నిర్మాణం వరుసగా జరిగిపోవచ్చు. కొయ్యూరు వంటి షెడ్యూల్డు మండలంలో అలా జరగదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనావళి, దానికి 1970లో చేసిన సవరణ ప్రకారం అక్కడి స్థిరాస్తిని షెడ్యూల్డు తెగల వ్యక్తులకు, లేదా వారే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు తప్ప ఇతరులకు బదలాయించడం చెల్లదు. మేత్రాసనం గాని, దాని పేరిట ఉన్న సొసైటీ గాని ఈ నిర్వచనంలోకి రావు. విశ్వాసులందరూ గిరిజనులే అయినా సంస్థ గిరిజన వ్యక్తి కాదు. కనుక ‘విచారణ స్థాపన’, ‘దేవాలయ నిర్మాణం’ అన్నవి మన్యంలో వేర్వేరు వార్తలు. మొదటిది పీఠాధిపతి సంతకంతో పూర్తవుతుంది. రెండవది ఆదివాసుల భూమి హక్కును కాపాడే చట్టానికి లోబడి ఉంటుంది. మొదటి వార్తను చూసి రెండవది జరిగిందని ఊహించకూడదు.

7. రాబోయే కార్యక్రమాల ప్రకటనలు:

రాబోయే కార్యక్రమాలను మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది ఆరాధనా సంవత్సరానికి చెందినది. ఉదాహరణకు తైలాల ఆశీర్వాద పూజ. పీఠాధిపతి తన గురువులందరితో కలిసి ఆశీర్వదించిన తైలాలు అక్కడి నుంచి ప్రతి విచారణకూ వెళతాయి. ఏడాది పొడవునా జ్ఞానస్నానాలలో, రోగుల అభ్యంగనంలో వాటినే వాడతారు. దూర విచారణల గురువులు రాగలిగేలా దీనిని పవిత్ర గురువారానికి ముందే మరో రోజున జరిపే వెసులుబాటు ఉంది.

రెండవది పీఠాధిపతి సందర్శన. కనీసం ఐదేళ్లలో మేత్రాసనమంతటినీ సందర్శించాలని నియమం (నిబంధన 396). ఆ సమయంలో జ్ఞానస్నాన, వివాహ, మరణ రిజిస్టర్లను తనిఖీ చేస్తారు. పాత రిజిస్టర్లను జాగ్రత్తగా భద్రపరచాలి (నిబంధన 535). గ్రామానికి అది స్వాగత తోరణాల పండుగ. చరిత్రకారుడికి అది రిజిస్టర్ల స్థితి నమోదయ్యే సందర్భం.

మూడవది విశ్వశ్రీసభ స్థాయిలో నిర్ణయమై మేత్రాసనాల ద్వారా అమలయ్యేది. 2025 జూబిలీ సంవత్సరం మేత్రాసనాలలో 2024 డిసెంబరు 29న మొదలై 2025 డిసెంబరు 28న ముగిసింది. సినడ్ నిర్ణయాల అమలుకు 2025 మార్చిలో ప్రకటించిన కార్యక్రమం ప్రకారం 2027 మొదటి అర్ధభాగంలో మేత్రాసనాల స్థాయిలో సమీక్షా సభలు జరగాలి. ఆ ఏడాది రెండవ అర్ధభాగంలో జాతీయ స్థాయి సభలు, 2028 తొలి నెలల్లో ఖండాల స్థాయి సభలు, 2028 అక్టోబరులో వాటికన్‌లో శ్రీసభ మహాసభ ఉంటాయి. మేత్రాసన సభకు మన్యం నుంచి ఎవరు వెళతారు, ఉపదేశులకు, స్త్రీలకు అందులో స్థానం దక్కుతుందా, వారు ఏ భాషలో మాట్లాడతారు అన్నవి రాబోయే ప్రకటనల్లో గమనించవలసిన అంశాలు. ఈ క్రమంలో మేత్రాసన దశ దాటితే గ్రామం గొంతు నేరుగా వినిపించే మరో అంచె లేదు.

8. ముగింపు:

• మేత్రాసన పరిపాలనా వార్తలో వ్యక్తుల పేర్ల కంటే హోదా పదాలు, తేదీలు ఎక్కువ సమాచారాన్ని ఇస్తాయి. విచారణకర్త, నిర్వాహకుడు, పాలనాధికారి అన్న పదాలు వేర్వేరు అధికార పరిమితులను తెలుపుతాయి.

• ఉత్తరువు, ప్రకటన, స్వీకారం అన్న మూడు తేదీలను వేరుచేయకుండా వివాహాల చెల్లుబాటును గాని, రిజిస్టర్ల ప్రామాణికతను గాని నిర్ధారించలేం.

• ప్రభుత్వ పటం, మేత్రాసన పటం ఒకటి కావు. 1839 నుంచి మన్యాన్ని మైదానం నుంచి వేరుచేస్తూ వచ్చిన పౌర పాలనకు భిన్నంగా, విశాఖ మేత్రాసనం రెండింటినీ ఒకే పీఠం కింద ఉంచింది. ఈ కలయిక మన్యం విచారణలకు ఎంత మేలు చేసింది, వాటిని ఎంత అంచున నిలిపింది అన్నది విచారణ రిజిస్టర్ల ఆధారంగా జరగవలసిన పరిశోధన.

• ‘విచారణ’ వంటి పదాల ద్వారా తెలుగు పరిపాలనా భాషలోని పాత అర్థచ్ఛాయలు ఈ వార్తల్లో నిలిచి ఉన్నాయి. చరిత్ర విభాగంతో పాటు భాషాశాస్త్ర విభాగం కూడా వీటిని సేకరించి, తేదీల క్రమంలో అమర్చి అధ్యయనం చేయదగినవి.